పాలు పొంగాయమ్మా

దారం రెండు కొసలూ కలిపి ముడేసి, మైనం మీద ఒకసారి లాగి, గుండీని చొక్కా మీద ఆనించి సూది పైకి తీస్తోంది గుండీలక్క. పక్కింటి వదిన కిటికీ ఊచల్లోంచి మొహం పెట్టింది.

"తెలిసిందా? గుమాస్తా వాళ్ళ మోటారు పోయింది."

"ఎప్పుడు?"

"ఎప్పుడేంటి? నిన్న పాలు పొంగినప్పుడు."

గుండీలక్క సూదిని అవతలి రంధ్రంలోకి దించింది.

బట్టల కంపెనీ వాళ్ళు కట్టలు కట్టి పంపే చొక్కాలకు గుండీలు కుట్టడం ఆమె పని. అసలు పేరు ఆ సందులో ఎవరికీ గుర్తులేదు. సందు మొదట్లో ఇల్లు, వీధివైపు కిటికీ, కిటికీ కింద ఆమె పీట. ఆమె అక్కడ కూర్చునేది వెలుతురు కోసం. ఆమెను అక్కడ కూర్చోబెట్టుకున్న సందువాళ్ళ అవసరం వేరు. పెద్దరోడ్డు మీంచి పోలీసు ఇటు తిరిగితే మొదట కనబడేది ఆమెకే. కనబడగానే సూది చొక్కాకి గుచ్చి, ఇంట్లో ఎవరితోనో అంటున్నట్టు, కాస్త గొంతు పెంచి "పాలు పొంగాయమ్మా" అంటుంది. వదిన ఆ మాట అందుకుంటుంది. ఆ పక్కిల్లు, ఆపై ఇల్లు. మాట చివరింటికి చేరేలోపు వీధి తలుపులూ పెరటి తలుపులూ కిటికీలూ మూతపడతాయి. తర్వాత పోలీసు ఏమడిగినా, తలుపేసుకుని ఉన్నాం, మేమేం చూడలేదండీ అని ఒట్టేసి చెప్పొచ్చు. అందులో అబద్ధం లేదు.

ఒకసారి స్టేషను గడప తొక్కి వచ్చిన మగాళ్ళు తలుపులేసుకుని కూర్చోరు. ఇళ్ళ వెనక పెరళ్ళు, పెరళ్ళ వెనక పొడుగ్గా ఒకే గోడ, గోడ అవతల పాడుబడ్డ గోదాము. వాళ్ళు ఆ గోడెక్కి పోతారు. గుండీలక్క తమ్ముడు అందరికంటే ముందు పోతాడు. వెల్డింగు పని, రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. ఎంత నిద్రలో ఉన్నా ఆ మాట మాత్రం వినబడుతుంది. మామూలుగా అయితే కుడివైపు నుంచి పిలిస్తే పలకడు. ఆ చెవి స్టేషన్లోనే వదిలేసి వచ్చాడు.

"ఎవరు తీస్తున్నారో ఇంకా తెలీడం లేదంటావా?" అంది వదిన గొంతు తగ్గించి. "పాలు పొంగిన రోజే పోతోంది మోటారు. అంటే వచ్చేదెవరు? తీసేదెవరు?"

"పోలీసులకి నీళ్ళ మోటార్లెందుకు వదినా?"

"అమ్ముకోడానికి. మోటార్ల మామ చెప్పాడు. ఆయనకు తెలీకుండా ఈ చుట్టుపక్కల పాత మోటారు చేతులు మారదు కదా."

మోటార్ల మామ చివరింటికి ముందింట్లో ఉంటాడు. సందులో ఏ మోటారు మొరాయించినా ఆయనే విప్పుతాడు, పోయినచోట పాతదేదో తెచ్చి ఆయనే బిగిస్తాడు. పోలీసుల్ని తిట్టడంలో ఆయనకు సాటి లేరు. తిట్టులో కూడా కొత్తదనం ఉంటుంది, అందుకని పిల్లలు చుట్టూ చేరతారు.

వదిన వెళ్ళాక గుండీలక్క గుండీ కింద దారాన్ని మెలిపెట్టి చుట్టి, పళ్ళతో తుంపింది. నిన్న మధ్యాహ్నం ఆమె ఎవర్నీ చూడలేదు. నిన్న ఆ మాట మొదట అన్నది ఆమె కాదు. లోపల చెంబు కడుగుతూంటే వెనకనుంచెక్కడినుంచో వినబడింది. డాబా మీంచి ఎవరైనా చూసుంటారనుకుని తనూ ఒకసారి అని కిటికీ మూసేసింది. అంతకుముందు సారీ అంతే. కానీ తన కళ్ళు గప్పి పోలీసు సందులోకి దూరాడని పైకి చెప్పుకోవడం ఎంత నామోషీ. సందు మొదట్లో కూర్చున్నందుకు ఆమెకున్న మర్యాదంతా ఆ చూపులోనే ఉంది.

ఇంకొక సంగతి కూడా ఉంది, అది ఆమె తనలో తాను కూడా పూర్తిగా అనుకోదు. మాట వినబడ్డప్పుడల్లా గోడెక్కేవాడు ఇంట్లోనే ఉన్నాడు. వాడి సంచీలో బోల్టులు విప్పే పానాలున్నాయి.

*

మర్నాడు మధ్యాహ్నం గుడ్డసంచీ భుజాన వేసుకుని ఒకావిడ గుమ్మంలో నిలబడింది. పూలపూల బట్టలు, చెప్పుల మీద దుమ్ము.

"గుండీలు కుట్టేది మీరేనా అండీ?"

కంపెనీ మనిషేమో అనుకుంది గుండీలక్క. లోపలికి రమ్మని ఇంకో పీట చూపించింది. ఆవిడ దాన్ని కిటికీకి కనబడని మూలకి జరుపుకుని కూర్చుంది. సంచీలోంచి మడతపెట్టిన చొక్కా తీసింది. ఖాకీది.

అప్పుడు మొహం గుర్తుపట్టింది గుండీలక్క. కొత్తగా వచ్చిన పోలీసావిడ. మిగతావాళ్ళు జీపులో వస్తే ఈవిడ నడిచొస్తుందని నడకమ్మ అని పేరు పెట్టారు సందులో. వచ్చినప్పుడల్లా మూసిన తలుపులు ఒక్కొక్కటే కొట్టి, "మోటార్ల సంగతి మాట్లాడదామనండీ, కొత్తవాళ్ళెవరైనా తిరుగుతున్నారా" అని తలుపుల్నే అడిగి, తలుపులకే చెప్పి వెళ్ళిపోతుంది. పిల్లలు ఆమె నడకా గొంతూ అనుకరిస్తారు.

మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా పీట మీద కూర్చున్న మనిషి మొహాన ఏమని అరుస్తుంది? తెర వెనక తమ్ముడు నిద్రలో ఉన్నాడు.

"జేబు మీది గుండీ ఊడిందక్కా. నాకు సూది పట్టడం రాదు. మా అమ్మ తిట్టీ తిట్టీ విసిగిపోయింది."

"ఇచ్చి వెళ్ళండి. రేపు తీసుకోండి."

"ఒక్క గుండీయే కదా. కూర్చుంటాను."

గుండీలక్క చొక్కాని వెలుతురుకేసి పట్టుకుంది. పాత దారం కొసలు గుడ్డలో ఇంకా ఉన్నాయి. లాగితే ఊడిన దారం పీచుపీచుగా ఉంటుంది. ఇవి నున్నగా, ఒకే ఎత్తులో ఉన్నాయి.

"ఇది ఊడలేదు మేడమ్. కత్తెరతో కోశారు."

నడకమ్మ ఒక్క క్షణం చూసి, తల దించుకుని నవ్వింది. "దొరికిపోయాను. తలుపు కొడితే ఎవరూ తియ్యరు. పని పట్టుకొస్తే తీస్తారేమోనని."

"గుండీలు కోసుకుని ఇళ్ళలోకి వస్తారన్నమాట."

"అంతే అయింది నా బతుకు."

గుండీలక్కకి నవ్వు రాలేదు. అబద్ధం చెప్పి దూరిన మనిషి, అడగ్గానే నిజం ఒప్పుకుంది. రెండింట్లో ఏది ఎర అయి ఉంటుందో తేల్చుకోలేక ఖాకీ రంగు దారం వెతికింది. తొందరగా కుట్టి పంపేస్తే చాలు. ఒకటే భయం. తెర వెనక వాడు దగ్గకూడదు.

"ఒకటడగనా? నేనొచ్చినప్పుడల్లా ఈ సందులో ప్రతి ఇంట్లో పాలు పొంగుతాయి. ఎండ మాడుతుంటే పాలు కాచేదెవరక్కా?"

"మా పొయ్యి, మా పాలు."

"అదీ నిజమే. పోలీసొస్తే పాలు పొంగుతాయి, బాగానే ఉంది." నడకమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది. "మరి దొంగొస్తే ఏం పొంగుతుంది?"

సూది సగం గుడ్డలో ఆగింది. ఆ సందులో ఇన్నాళ్ళూ ఎవరూ ఎవర్నీ ఆ ప్రశ్న అడగలేదు. దొంగకి వాళ్ళ దగ్గర మాటే లేదు.

సరిగ్గా అప్పుడే, సందు లోపలి నుంచి, మగ గొంతో ఆడ గొంతో తెలీకుండా సాగదీసి, "పాలు పొంగాయమ్మా" అని వినబడింది.

మధ్య ఇళ్ళవాళ్ళు అందుకున్నారు. తలుపులు వరసగా పడుతున్నాయి. తెర ఒక్క ఊపున పక్కకి పోయింది. తమ్ముడు నిద్రకళ్ళతో బయటికొచ్చి, పీట మీది కొత్త మనిషిని చూశాడు. అక్క ఒళ్ళో ఖాకీని చూశాడు. మరుక్షణం పెరట్లోకి పోయాడు. గోడకి కాళ్ళు తగిలిన చప్పుడు, పెళ్ళలు రాలిన చప్పుడు.

గుండీలక్క చేతిలో సూది వేలికి దిగింది. అయిపోయింది అనుకుంది.

నడకమ్మ సగం లేచి నిలబడి పెరటివైపు చూసింది. "ఎవరాయన?"

"మా తమ్ముడు."

"ఎందుకు పారిపోయాడు?"

"మీరొచ్చారుగా."

"నేనొచ్చానని ఆయనకి ఇప్పుడు తెలిసింది. ఆ అరిచిన మనిషికి ఇంకా తెలీదు." ఆవిడ గొంతు తగ్గింది. "నేనిక్కడుంటే, వాళ్ళు ఎవర్ని చూసి అరిచారక్కా?"

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. నడకమ్మ చెప్పులు వేసుకోకుండానే సందులోకి పరుగెత్తింది.

*

మొదట తలుపు తీసింది చివరింటి పెద్దమ్మ. పెరట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడీ చాలాసేపు తియ్యలేదట, మాట పడ్డాక తియ్యకూడదు కదా అని. తీసి చూస్తే మోటారు ఉండే అరుగు ఖాళీ. ఇంటి పక్క దారిలోంచి పెరట్లోకి వచ్చి, పైపు మీద ఒంగి ఎవరో ఆడమనిషి. పెద్దమ్మ గోల విని తలుపులన్నీ తెరుచుకున్నాయి. గుండీలక్క వెళ్ళేసరికి సందంతా అక్కడే ఉంది, మధ్యలో నడకమ్మ, ఉత్తకాళ్ళతో, మోచేతుల దాకా నీళ్ళోడుతూ.

మోటార్ల మామ తువ్వాలుతో చేతుల నూనె తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "ఆహా. ఇవాళ మామూలు బట్టల్లో వచ్చారే. చేతులెందుకు తడిశాయి మేడమ్?"

"నీళ్ళు పోతుంటే వాల్వు కట్టాను."

"కట్టాలి మరి. మోటారు విప్పినవాళ్ళే వాల్వు కట్టాలి. మా పనిలో కూడా అదే పద్ధతి."

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. పెద్దమ్మ మాత్రం ఖాళీ అరుగు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది, పడుకున్న మనిషి జ్వరం చూస్తున్నట్టు.

"మోటారు నా చేతిలో లేదు కదండీ" అంది నడకమ్మ.

"జీపులో ఉండదా ఏం?"

"అది సరే" అంది వదిన. "అసలు మీరెప్పుడొచ్చారు? ఎక్కడున్నారు ఇప్పటిదాకా?"

నడకమ్మ నోరు తెరిచింది. ఆవిడ చూపు మనుషుల మీదుగా వచ్చి గుండీలక్క దగ్గర ఆగింది. గుండీలక్క జాకెట్టుకి సూది గుచ్చి ఉంది, దానికి ఖాకీ దారం వేలాడుతోంది. అప్పుడు చూసుకుంది తను. దారాన్ని వేలికి చుట్టి పిడికిలి మూసేసింది. ఒక్క మాట చాలు ఆవిడకి. మీ గుండీలక్క ఇంట్లో కూర్చున్నాను, అడగండి. అంతే, రేపటినుంచి ఈ సందులో తనకి నిప్పు కూడా పుట్టదు.

"ఇప్పుడే వచ్చాను" అంది నడకమ్మ. "రోడ్డు మీంచి."

"చూశారా" అన్నాడు మామ అందరికేసి తిరిగి. "వచ్చింది, పాలు పొంగాయి, మోటారు పోయింది. ఇంకేం కావాలి?"

ఆ మనుషుల మధ్యనుంచే నడకమ్మ వెళ్ళిపోయింది. ఎవరూ పక్కకి తప్పుకోలేదు. చెప్పులు గుండీలక్క ఇంట్లో ఉండిపోయాయి. చొక్కా కూడా.

*

దీపం పెట్టేవేళకి తమ్ముడు వచ్చాడు. గుమ్మం పక్కన పోలీసు చెప్పులు చూశాడు. మంచం మీద చొక్కా చూశాడు. సంచీలో పానాలూ కళ్ళజోడూ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"గుండీ కుట్టమని తెచ్చింది" అంది గుండీలక్క.

అటువైపు తిరిగి ఉన్నాడు, వినలేదు. ఆమె లేచి ఎడమపక్కకి వెళ్ళి మళ్ళీ చెప్పింది.

"ఇంట్లో కూర్చోబెట్టావు" అన్నాడు.

"పోలీసని తెలీదు."

"తెలిశాక?"

ఆమె కంచం పెట్టింది. అతను ముట్టుకోలేదు.

"నువ్వు గోడెక్కినప్పుడల్లా మోటారు పోతోందిరా" అంది చివరికి. అనకూడదనుకున్న మాట అది. అన్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

తమ్ముడు ఆమెకేసి చూశాడు. కోపం వస్తుందనుకుంది. రాలేదు. "నేను తీశాననుకున్నావా?"

"లేదు."

"అనుకున్నావు."

"ఎవరిమీదైనా అనుకోవాలిగా."

అతను కంచం దగ్గరికి లాక్కున్నాడు. కొంచెంసేపు వేళ్ళతో కెలికి, "గోడ మీంచి పెరళ్ళన్నీ కనబడతాయక్కా" అన్నాడు. "అందరూ తలుపులేసుకుంటారు. నేనొక్కణ్ణే బయటుంటాను. మామ పానా పట్టుకుని పక్క పెరట్లోకి దూకడం ఇవాళ చూశాను. గుమాస్తావాళ్ళదీ చూశాను. తీసుకెళ్ళి తన పెరట్లో రేకు కింద పెడతాడు. ఆయన ఇంట్లో మోటారుంటే ఎవరడుగుతారు?"

గుండీలక్క గోడకి ఆనుకుంది. ఇన్నాళ్ళూ పొద్దున్నే నవ్వుతూ పలకరించే మనిషి. ఆయన తిట్లకి తనూ నవ్వింది. "మరి చెప్పలేదేం?"

"ఎవరికి? గోడ మీదున్నవాడి మాట ఎవరు నమ్ముతారు? నువ్వే నమ్మలేదు."

తిన్నది తిని, చెయ్యి కడుక్కుని, డ్యూటీకి వెళ్ళాడు. ఆ రాత్రి ఆమె ఆ గుండీ పూర్తిచేసింది. కుట్టిన తర్వాత ఎందుకో లాగి చూసింది, ఊడుతుందేమోనని.

*

పొద్దున్న పెద్దరోడ్డు కుళాయి దగ్గర పెద్దమ్మ నిండిన బిందెని ఎత్తలేక నేలమీదే జరుపుతోంది. మోటార్ల మామ ఒక చెయ్యి వేశాడు.

"నీకెందుకీ కష్టం పెద్దమ్మా? నా దగ్గర పాతదొకటుంది, బిగిస్తాలే. డబ్బు నీ దగ్గరున్నప్పుడే ఇద్దువుగాని."

"నువ్వున్నావు కాబట్టి సరిపోయింది నాయనా" అంది పెద్దమ్మ.

గుండీలక్క తన బకెట్టు కుళాయి కింద పెట్టింది. నీళ్ళ చప్పుడు మీద గొంతు పెంచాల్సి వచ్చింది. "నిన్న పాలు పొంగాయని అన్నది నేను కాదు."

వదిన తలతిప్పింది. "నువ్వు కాకపోతే మరెవరే?"

"తెలీదు. అంతకుముందు సారీ నేను కాదు. నిన్న ఆవిడ అప్పటికే మా ఇంట్లో కూర్చుని ఉంది. గుండీ కుట్టించుకోడానికి వచ్చింది. మాట సందు లోపలినుంచి వచ్చింది."

వదిన మెల్లిగా తన బిందె ఇవతలికి జరుపుకుంది, గుండీలక్క బకెట్టుకి తగలకుండా. "పోలీసుని ఇంట్లో కూర్చోబెట్టి గుండీలు కుడుతున్నావా" అంది. మిగతా మాటలేవీ ఆమెకు వినబడ్డట్టు లేదు.

పెద్దమ్మ మాత్రం మామ చేతికేసి చూసింది. బిందె మీద ఉన్న చేతికేసి.

మామ నవ్వుతూనే దగ్గరికొచ్చాడు. "అమ్మాయ్, నీ మంచికే చెబుతున్నాను. మాట వినబడ్డప్పుడల్లా మీ తమ్ముడు గోడ మీదుంటున్నాడు. అది నేనెవరికీ చెప్పలేదు. రేపు ఎవరైనా అడిగితే, నన్ను అబద్ధం ఆడమంటావా? వాడికింకా ఒక చెవి బాగానే పనిచేస్తోందిగా."

సగం నిండిన బకెట్టుతోనే ఇంటికొచ్చింది గుండీలక్క. తమ్ముడు డ్యూటీ నుంచి వచ్చి తెర వెనక పడుకుని ఉన్నాడు, ఎడమ చెవి పైకి పెట్టి. కుళాయి దగ్గరి మాటలు విన్నాడో లేదో. ఆమె చెప్పలేదు. చెబితే వాడు సంచీ సర్దుకుని ఏదో ఊరు పోతాడు. చెప్పకపోతే పోలీసులొచ్చి తీసుకుపోతారు. నడకమ్మ ఒకసారి అబద్ధమాడి తనని కాచింది, నిజమే. కానీ అబద్ధమాడి ఇంట్లో దూరిందీ ఆవిడే. స్టేషన్లో పైవాళ్ళు గద్దిస్తే ఏ అబద్ధం వైపు నిలబడుతుందో ఎవరు చూశారు?

చొక్కాల కట్ట విప్పి కూర్చుంది. దారం సూదిలోకి ఎక్కడం లేదు.

మధ్యాహ్నం నడకమ్మ వచ్చింది. ఈసారి ఖాకీలోనే, తలమీద టోపీతో. రోడ్డు మలుపులోనే ఆగిపోయింది. కిటికీలోంచి గుండీలక్క ఆమెను చూసింది, ఆమె గుండీలక్కని చూసింది. సందులో అందరూ ఈ కిటికీ వైపే చెవి పెట్టి ఉంటారని ఇద్దరికీ తెలుసు. గుండీలక్క నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో, భయమో మరోటో, తర్వాత కూడా చెప్పలేకపోయింది.

నడకమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాలు పొంగాయమ్మా" అని తనే అరిచింది.

సందు ఉలిక్కిపడ్డట్టయింది. ఎక్కడో ఒక తలుపు సగం పడి ఆగిపోయింది.

"నేనే, పోలీసుని" అంది ఆవిడ, అందరికీ వినబడేలా. "పోవాల్సినవాళ్ళు పోండి. నెమ్మదిగా నడుస్తాను. ఉండేవాళ్ళుంటే మాట్లాడతాను. నా చెప్పులు తీసుకోవాలి, చొక్కా తీసుకోవాలి, అంతే పని."

అని నిజంగానే నెమ్మదిగా, ఒక్కో అడుగు వేస్తూ రావడం మొదలుపెట్టింది.

లోపల మంచం కిర్రుమంది. గుండీలక్క తల తిప్పలేదు. పెరటి తలుపు గడియ చప్పుడు కోసం చూసింది. గోడకి కాళ్ళు తగిలే చప్పుడు కోసం, పెళ్ళలు రాలే చప్పుడు కోసం చూసింది. పెరట్లో కాకి ఒకటి అరిచి ఊరుకుంది.

తెర పక్కకి జరిగింది. తమ్ముడు చొక్కా తొడుక్కుంటున్నాడు. పైనుంచి కిందికి ఒక్కో గుండీ పెట్టుకున్నాడు, మెడ గుండీతో సహా, అది ఎప్పుడూ పెట్టుకోడు. మంచం మీది ఖాకీ చొక్కా మడత చెదరకుండా ఎడమచేతి మీద వేసుకున్నాడు. ఒంగి, గుమ్మం పక్కనున్న చెప్పుల జత కుడిచేత్తో అందుకున్నాడు.

"ఒరేయ్" అంది గుండీలక్క.

ఆమె ఉన్నది అతని కుడివైపు. విన్నాడో, వినలేదో. వీధి తలుపు బార్లా తీసి, గుమ్మం దిగి ఎండలోకి, నడకమ్మకి ఎదురుగా నడిచాడు.